సుధాకర్ దీపాలు మీ సభకు రావు

సుధాకర్ ఇక లేడని నిన్న పొద్దున వాడి భార్య, మా మరదలు మేరీ ఫోన్ చేసి చెప్పింది.

రాత్రి అన్నం తిని పడుకున్నవాడు లేవలేదట.

ఫేస్‌బుక్‌లో నేను బైబిల్ వాక్యం తప్ప ఏదీ పెట్టను. కానీ నిన్నటి నుంచి తాండూరు పెద్దమనుషుల స్టేటస్‌లు చూస్తున్నాను. అందుకే రాస్తున్నాను.

సుధాకర్ మా చిన్నమ్మ కొడుకు. తాండూరులో ఒక ప్రైవేట్ స్కూల్లో డ్రాయింగ్ సార్. వాడు చేసినదాన్ని ఇన్‌స్టలేషన్ అనేవాడు. రెండు తాండూరు బండలు, వాటి మీద రాగి రేకులు, పైన చిన్న దీపాల దండ. మొదటి మనిషి ఒక రేకు మీద, చివరి మనిషి రెండో రేకు మీద చెయ్యి పెట్టాలి. మధ్యలో అందరూ చేతులు పట్టుకోవాలి. అప్పుడు దీపాలు వెలుగుతాయి, ఒక స్వరం వస్తుంది. మనుషులు పెరిగేకొద్దీ అది లోతుగా దిగుతుంది.

చర్మానికి చర్మం తగలాలి. అదొక్కటే షరతు.

వ్యాపారుల సంఘం వేడుకలో దాన్ని పెట్టమన్నారు. నన్నూ వరుసలో నిలబెట్టాడు. నా పక్కన సంఘం అధ్యక్షుడి భార్య. మా కులం ఆమెకు తెలుసు. చేతికి కొంగు చుట్టుకుని, ఆ గుడ్డతో నా వేళ్లు పట్టుకుంది.

దీపం వెలగలేదు.

సుధాకర్ వచ్చి చూశాడు. "కొంగు తీయాలె అమ్మా."

"చేతికి చెమట పట్టింది సారూ, గందుకే."

"చెమట ఉంటే ఇంకా మంచిగ పలుకుతది."

వెనక ఎవరో నవ్వారు. ఆమె వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకొందరు.

అధ్యక్షుడు వచ్చాడు. "గీ చేతులు పట్టుకునే లొల్లి ఎందుకయ్యా? ఒక బటన్ పెట్టు. నేను నొక్కుత, ఫోటో దిగుత."

"గా పనికి మీ షాపుల ట్యూబ్‌లైట్ చాలు సేట్."

బండలు ఆటోలో వేసుకుని వచ్చేశాడు.

ఆ ఆదివారమే వికారాబాద్‌లో మా చర్చి ముందు పెట్టాడు. రైలు దిగి మూటలతో పోయేవాళ్లు కూడా "ఏందిది" అంటూ వచ్చి చేతులు కలిపారు. ఆ రోజు ఫోటోనే ఇప్పుడు అధ్యక్షుడి స్టేటస్‌లో ఉంది. కింద మా మొహాలు కత్తిరించి, దీపాలు మాత్రం ఉంచాడు. "మా తాండూరు ఆణిముత్యం" అట.

ఇంత శుభ్రంగా కడుక్కున్న దుఃఖం నేనెక్కడా చూడలేదు.

ఈ ఉదయం సమాధి చేసి ఇంటికొచ్చామో లేదో, మేరీకి అధ్యక్షుడి ఫోన్. ఆదివారం సంతాప సభ పెడుతున్నారట, బండలు పంపాలట. "బటన్ మేమే పెట్టించుకుంటం, ఫికర్ చెయ్యకు."

మేరీ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది. "ఏమనాలె వదినా? పిల్లలు చదివే స్కూల్ వాళ్లదే."

"ఫోన్ నాకియ్యి."

నేను గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. మెల్లగానే చెప్పాను. "బండలు రావు సేట్. ఆదివారం మా చర్చి ముందే పెడుతున్నం. మీ ఇంటామెను తోలుకొని రండ్రి. నా పక్కన జాగ ఉంటది."

లైన్ కట్ అయింది.

క్షమించమని ప్రభువు చెప్పాడు. క్షమిస్తాను. ఈ వారం మాత్రం నా వల్ల కాదు.

దగ్గరివాళ్లకు మాత్రమే కనిపించేలా పెట్టాను. మీ దగ్గరే ఉంచుకోండి, ఇంకెవరికీ చూపకండి. సోమవారం పిల్లలు ఆ బడికే పోవాలి.

ఇక పడుకో తమ్ముడూ. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.