చైను మీది రేకు

ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు ఫిట్టరుగా ఉన్న రోజుల్లో ఒక పాత మోటారు సైకిలు కొనడానికి వెళ్ళాను. దాని యజమాని జైనూర్ దారిలో ధోవతి అంచు చైనులో చిక్కుకొని, పడి చనిపోయాడు. అమ్ముతున్నది ఆయన భార్య.

"చైనుకు రేకు గొట్టినంకనే తీస్కపో అన్నా," అందామె.

వాళ్ళ వాకిట్లోనే కూర్చుని కిరసనాయిలు డబ్బా కత్తిరించాను. అంచులు మడిచి, చైను పొడుగునా వంచి, రెండు బోల్టులతో బిగించాను. ఒక పూట పట్టింది. అంతసేపూ గడపలో కూర్చుని చూసిన ఆమె, లోపలికి వెళ్ళి భర్త ధోవతి ఒకటి తెచ్చింది.

"చక్రం తిప్పు."

బండిని స్టాండు మీద నిలిపి వెనక చక్రం తిప్పాను. ఆమె ధోవతి అంచును చైను దగ్గర ఆనించి పట్టుకుంది. బట్ట రేకు మీద జారిపోయిందే తప్ప చిక్కలేదు. మళ్ళీ తిప్పమంది. మళ్ళీ చిక్కలేదు.

"గింత పనేనా ఉండె?" అని మెల్లగా అడిగింది.

ఆమె ముందు బండి స్టార్టు చేయలేక వీధి చివరిదాకా తోసుకుపోయాను.

పదేళ్ళు దాన్ని నడిపాను. వెనక ఎవరినీ ఎక్కించుకోలేదు. అయినా ఒక్కణ్ణే పోతున్నానని ఏనాడూ అనిపించలేదు.