రెండో నిచ్చెన

నారాయణగూడలోని మా ఆఫీసు రికార్డు గదికి ఇరవై ఏళ్లుగా నేనే గుమాస్తాను. పదకొండు గంటలకు అన్ని సెక్షన్లవాళ్లూ ఒక్కసారే ఫైళ్లకు ఎగబడేవారు. చోటు చాలడం లేదని రాసి రాసి ఆరు కొత్త ర్యాకులు తెప్పించాను. అయినా ఫైలు దొరకడానికి అరగంట పట్టేది.

పాలమూరు నుంచి వచ్చిన ప్యూను తిమ్మప్ప సూపరింటెండెంటు ముందే నోరు విప్పాడు: "ర్యాకులు మస్తుగున్నయి సార్. గా టైముకు నలభై మంది వస్తరు, నిచ్చెన ఒక్కటే ఉన్నది."

వారం రోజులు గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టాడట! రెండో నిచ్చెన తెప్పించాడు. రోజూ అడిగే ఫైళ్లను గుమ్మం పక్క ర్యాకులోకి మార్చాడు. అరగంట కాస్తా ఐదు నిమిషాలైంది. సూపరింటెండెంటు అతని భుజం తట్టాడు. ఇరవై ఏళ్లలో నా భుజం ఎవరు తట్టారు?

ఒకరోజు తిమ్మప్ప సెలవు పెట్టాడు. వీడు లేకపోతే ఈ ఏర్పాటు ఒక్కపూటా నడవదు, ఇవాళ తెలుస్తుంది వీడి గొప్ప, అనుకుంటూ హుషారుగా వచ్చాను. పదకొండైంది. జనం వచ్చారు, ఫైళ్లు తీసుకుని వెళ్లిపోయారు. ఒక్కరూ విసుక్కోలేదు.

సూపరింటెండెంటు తొంగిచూసి, "తిమ్మప్ప లేకపోయినా పని ఆగలేదే! ఎంత బాగా అమర్చాడండీ!" అన్నాడు.

అప్పుడు నేను రెండో నిచ్చెన మీదే ఉన్నాను.