మా మామగారు కొన్న రీలు

మా మామగారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "జర నడుం వాలుస్త బిడ్డా" అని మంచమెక్కారు. టిఫినుకు లేపబోతే లేవలేదు. దవాఖానకు పరుగెత్తాం గానీ, అది మా మనసు ఊరుకోక చేసిన పని. డాక్టరు చెప్పకముందే మా ఆవిడకు తెలిసిపోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ "మంచి మనిషి, ఎవరినీ కష్టపెట్టకుండా పోయాడు" అంటున్నారు. కాదనను. కానీ ఆ మాట వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. మంచి మనిషట! ఆ మాట ఎవరికైనా అతుకుతుంది. ఆయన మొండితనం, రోషం, వెటకారం వదిలేస్తే ఇక ఆయనెక్కడ మిగిలినట్టు? అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

నాకు ఆయన ముందు మామగారు కాదు, బస్సు డ్రైవరు. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా ఫికర్ పడుతుంటే, ఆ ఫికర్ తీర్చే ఆఫీసులో నాకు ఉద్యోగం. మమ్మల్ని కూకట్‌పల్లిలో ఎక్కించుకుని, దుమ్ములో గుంతల్లో పడుతూ లేస్తూ ఆఫీసుకు చేర్చే బస్సు ఆయనది. ఆయన కూతురు మా ఆఫీసులోనే లెక్కల విభాగంలో చేసేది. ఆమె ముందు సీటులో, నేను దాని వెనక సీటులో. మా మాటలు చక్రాల మోతలో కలిసిపోతాయనుకున్నాం. డ్రైవరు తల మీద ఒక అద్దం ఉంటుందనీ, అందులో అంతా కనబడుతుందనీ మా ఇద్దరికీ తట్టలేదు.

ఆమె తల్లి చిన్నప్పుడే పోయింది. అన్నీ ఆయనే అయి పెంచారు. "మా నాయినను అడుగుండ్రి. ఆయన వద్దంటె ఇగ వద్దే" అని ఆమె ముందే తేల్చి చెప్పింది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన బస్సు అద్దం తుడుస్తుంటే వెళ్ళి, గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన తుడవడం ఆపలేదు.

"మీదెక్కడ?"

"గుంటూరు జిల్లా అండి."

"ఓహో, దరియా దిక్కోళ్ళు. చేపలు మస్తు పడ్తవేమో?"

"లేదండి. చేపలు పట్టడం నాకసలు రాదండి."

"వచ్చినోడు ఎవడన్న వచ్చని చెప్పుకుంటడా?" అని నవ్వారు. "నేను ఐతారం ఐతారం చెరువుకాడికి పోత. గాలం కట్టెకు ఒక రీలు కొనాలె. మంచిది గావాలె, అప్పు చేసేటట్టు ఉండొద్దు. నువ్వొచ్చి సూసి పెట్టు. తర్వాత మాట్లాడుకుందం."

ఇదేం ఖర్మరా బాబూ అనుకున్నాను. మాది పల్నాడు వైపు మెట్ట ఊరు. మిరపచేలు తప్ప నీళ్ళెరగం. మా ఊరికి చేప వచ్చేదే సైకిలు మీద, మంచుగడ్డల మధ్య, అదీ చచ్చిపోయి. సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది కాలేజీ వాళ్ళు బస్సులో తీసుకెళ్ళినప్పుడు. ఈ సంగతంతా చెప్పబోతే ఆయన చెయ్యి ఊపేశారు. కోస్తా అంటే అందరూ పుట్టగానే గాలం పట్టుకుంటారని ఆయన నమ్మకం. ఇది పరీక్ష అని నాకు గట్టిగా అనిపించింది. రీలు తప్పితే పిల్ల తప్పినట్టే.

సికింద్రాబాదులో ఒక ఇరుకు సందులో దుకాణం. గాలాలు, సీసపు గుండ్లు, దారపు చుట్టలు. దుకాణదారు పెద్దాయన గాజుబల్ల మీద రీళ్ళు పరిచాడు. రీళ్ళలో రెండు రకాలుంటాయని అక్కడే తెలిసింది. ఒకటి కర్ర కింద వేలాడుతుంది. అందులో దారం చుట్ట కదలదు, ఎవరైనా విసరొచ్చు. రెండోది కర్ర మీద కూర్చుంటుంది. గాలం విసరగానే చుట్టే గిర్రున తిరుగుతుంది, బొటనవేలితో దాన్ని అదుపు చేయాలి. మా మామగారు వేలాడేదాన్ని కన్నెత్తి చూడలేదు. మీద కూర్చునేదే కావాలన్నారు. ఎవరో దొరబాబు చేతిలో చూశారట.

ఆ రకానివి మూడున్నాయి. మొదటిది విదేశీ సరుకు. తిప్పితే వెన్నలో వేలు పెట్టినట్టుంది. ధర విని ఆయన దాన్ని పసిబిడ్డను దించినట్టు దించి, "గిది చేపల కన్న ముందు నా జీతాన్ని పట్టేటట్టుంది" అన్నారు. రెండోది తళతళలాడుతోంది. లోపల బేరింగులు ఎన్నున్నాయో డబ్బా మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంది. మూడోది ఎవరో వాడి అమ్మేసింది. రంగు గీసుకుపోయింది గానీ ఒళ్ళంతా లోహం.

ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. నాకు తెలిసింది ఒక్కటే. మా నాన్న పాత సైకిలు కొనేటప్పుడు పెడలు పట్టుకుని పక్కలకు ఊపేవాడు, ఊగితే వదిలేసేవాడు. నేనూ అదే చేశాను. తళతళలాడేదాని పిడి పట్టి ఊపితే వదులు పన్నులా కదిలింది. పాతదాని పిడి కదల్లేదు. మా మామగారు అది చూసి, ఆ పాతదాన్ని తీసుకుని, మీట నొక్కి, చుట్టను వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నారు. గంభీరంగా తలూపారు. నేనూ గంభీరంగా తలూపాను.

"దారం సందుల ఇరుకదు సాబ్, సూడుండ్రి," అని దుకాణదారు చుట్ట అంచుకూ చట్రానికీ మధ్య ఖాళీ చూపించాడు. గోరు కూడా దూరదు. "మొదటిసారి వాడుతున్నరా? పక్కన గీ మర జర గట్టిగ పెట్టుకోండ్రి. గాలం నీళ్ళకు తాకంగనే బొటనవేలుతోని వత్తాలె. మర్వద్దు."

"మాకు తెల్వదా భాయ్!" అన్నారు మా మామగారు.

ఆ ఆదివారం పొద్దున్నే దుర్గం చెరువు గట్టున బండ మీద నిలబడ్డాం. మా ఆవిడ, అంటే అప్పటికింకా కాలేదు, డబ్బాలో సర్వపిండి రొట్టెలు పెట్టి పంపింది. అవతలి ఒడ్డు మీద క్రేన్లు కనబడుతున్నాయి. మామగారు రీలు బిగించిన కర్ర నా చేతికిచ్చి "నువ్వే మొదలువెట్టు" అన్నారు. "పెద్దవారు, మీరే కానివ్వండి" అన్నాను. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, కాళ్ళు ఎడంగా పెట్టి, కర్రను తల వెనక్కి తీసుకెళ్ళి బలమంతా పెట్టి విసిరారు.

సీసపు గుండు మా కాళ్ళ ముందే బుడుంగుమంది. చుట్ట మాత్రం తిరుగుతూనే ఉంది. దారం లోపల్నుంచి పొంగి పొంగి, పీచుమిఠాయిలా రీలు మీదికి లేచింది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"గిదేంది?" అన్నారాయన.

"నాకేం తెలుసండీ?"

"నీకు తెల్వదా?"

"రాదని ఆరోజే చెప్పాను కదండీ! మీకైనా తెలియదా?"

"నాకేడ దెలుస్తది? చిన్నప్పటి సంది వెదురుకట్టెతోనే పడుతున్న. రీలు పట్టుడు ఇదే మొదలు."

"మరి ఇదెందుకు కొన్నారండీ?"

ఆయన మొహం ఎర్రబడింది. "అల్లుడయ్యేటోడు దరియా దిక్కు నుంచి వస్తుండు. వాని ముంగట కట్టె పట్టుకొని కూసుంటె నామోషీ గాదా?"

నాకు నవ్వాగలేదు. ఆయనకూ ఆగలేదు. బండ మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. పక్కన గాలం వేసుకున్నాయన చేపలు బెదిరిపోతున్నాయని తిట్టుకుంటూ దూరం జరిగాడు.

తర్వాత చిక్కు తీయడానికి కూర్చున్నాం. బ్లేడుతో కోసేద్దామా అంటే "కొత్త దారం, గట్లెట్ల కోస్తం" అన్నారు. ఆయన చుట్ట పట్టుకుంటే నేను ఒక్కో దారపు ఉంగరం వెతికి లాగాలి. ఆ పనిలో ఉన్న ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. కాసేపయ్యాక ఆయన తల వంచుకునే మొదలుపెట్టారు.

"ఒకటడుగుత. నిజం చెప్పాలె."

"అడగండి."

"మీ ఇంట్ల నా బిడ్డ మాట్లాడితె నవ్వుతరా?"

"ఎందుకు నవ్వుతారండీ?" అన్నాను.

"బస్సుల నవ్వుతరు," అన్నారాయన. "నేను ఏంది అన్నా, గిట్ల అన్నా, ఎనుక సీట్ల మీ దిక్కోళ్ళు మళ్ళ అని నవ్వుతరు. అద్దంల కనపడ్తది. నాకేం ఫికర్ లేదు. పొద్దున ఎక్కుతరు, పొద్దుమీకి దిగుతరు. నా బిడ్డకు దిగే స్టాపు ఉండదు గదా. పొద్దుగాల లేస్తె మీ ఇంట్లనే ఉండాలె. అది నోరు తెరిచినప్పుడల్లా నవ్వితె, ఇగ అది నోరు మూసుకుంటది. తల్లి లేని పిల్ల. దాన్ని గట్ల సూడలేను."

అబ్బే, మా ఇంట్లో అలాంటిదేమీ ఉండదండీ అని మర్యాదగా అనేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన పట్టుకున్న చుట్టను ఒళ్ళో దించుకుని ఎదురుచూడటం చూశాక అది రాలేదు.

"మా అమ్మ నవ్వుతుందండి," అన్నాను. "మనసులో ఏమీ ఉండదు గానీ నోరు ఊరుకోదు. ఇంట్లో అందరి మాటా అనుకరిస్తుంది, మా నాన్నది కూడా. నేను నవ్వను. అమ్మ నవ్వితే ఊరుకోను కూడా. అంతకంటే నేనేం చెప్పలేనండి."

ఆయన మళ్ళీ చుట్ట చేతిలోకి తీసుకున్నారు. ఒక పెద్ద ముడి ఊడి వచ్చాక తలెత్తారు.

"నవ్వదు అని చెప్తివా, గీ రీలు నీ చేతుల పెట్టి పంపేటోన్ని," అన్నారు. "వచ్చే ఐతారం మీ అమ్మను తీస్కరా. చేపల కూర తింటదా?"

అలా మా పెళ్ళయింది. మా అమ్మ నవ్వింది, అనుకున్నట్టే. కొత్త కోడలు "ఇగ తినుండ్రి అత్తమ్మా" అన్న మొదటిరోజే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కయ్యిమనేలోపే మా ఆవిడ గరిటె ఠంగున పెట్టి, "మంచిగ నవ్వుండ్రి. నవ్వినంకనే తినుండ్రి, లేకుంటె పొలమారుతది" అంది. మా అమ్మ కంగారుపడి గబగబా అన్నం కలుపుకుంది. నోరు మూసుకునే పిల్ల కాదని ఆయనకే తెలియలేదు పాపం.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరికే వచ్చేసింది. డ్రైవరు ఉద్యోగం మానేశాక మామగారు మా మీది గదిలో దిగారు. కూతురింట్లో ఊరికే ఉండనని పంతం. "కిరాయి చేపలల్ల కడ్త" అనేవారు, కట్టేవారు కూడా. ఆ పాత రీలుతోనే చెయ్యి తిరిగింది. ఇంటికి రాగానే దాన్ని తుడిచి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని గానీ మంచినీళ్ళు ముట్టేవారు కాదు. తోటి డ్రైవర్లు రీలు కొనాలంటే ఆయన్ని వెంటబెట్టుకెళ్ళేవారు. "డబ్బా మీది రాత సదవకు, పిడి పట్టి ఊపి సూడు" అని ఆయన చెబుతుంటే, అది మా నాన్న సైకిలు విద్య అని నేను గుర్తుచేసేవాణ్ణి. "నీ సైకిలు ఎన్ని చేపలు పట్టింది?" అనేవారు.

ఆయన కొర్రమీను తెస్తే మా అమ్మ గుంటూరు కారం దట్టించి పులుసు పెట్టేది. ఆయన చెమటలు కక్కుతూ "ఏంది చెల్లె, గిది కూరనా, కొరివా?" అనేవారు. "మీకు పట్టడం తెలుసు గానీ తినడం తెలీదు అన్నయ్యగారూ" అని అమ్మ. వెంటనే ఆయన మాటను ఆయన గొంతుతోనే అని పకపకా నవ్వేది. కొన్నాళ్ళకు నేనొకటి గమనించాను. అమ్మ దగ్గర ఆయన యాస ఒక పాలు ఎక్కువ పెడుతున్నారు. "కావాలనే చేస్తున్నారు కదూ?" అని అడిగాను. "నవ్వనీ," అన్నారు. "నవ్వి నవ్వి ఇప్పుడు నేను గడియ ఆలస్యమైతె గేటుకాడ నిలబడి సూస్తుంది, సూడలేదా?"

చూశాను.

మొన్న ఆయన్ని ఐసు పెట్టెలో పడుకోబెట్టాక మెదక్ వైపు నుంచి వాళ్ళ బంధువులంతా వచ్చారు. ఏడ్పులతో ఇల్లు నిండిపోయింది. మా అమ్మ కింద కూర్చోలేదు, మోకాళ్ళ నొప్పులు. పెట్టె పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేశాం. పొద్దుట్నుంచీ పలుకూ లేదు, ఏడుపూ లేదు. నాకు భయం వేసింది. మా ఆవిడ ఏడుస్తూనే వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. అప్పుడు అమ్మ ముందుకు వంగి, ఆయన మొహం దగ్గర అద్దం మీద చెయ్యి పెట్టింది.

"ఏంది అన్నా గిది? గిట్ల పోతివేంది? ఇగ నాతోని ఎవరు కొట్లాడుతరు?"

అనుకరించి అన్న మాట కాదది. నోట్లోంచి ఏ భాష వస్తోందో అమ్మకు తెలియలేదు. మా ఆవిడ ఆమె తలను దగ్గరికి తీసుకుని తన పొట్టకు అదుముకుంది. ఇంటినిండా ఉన్న అంతమందిలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. వాళ్ళ చెవులకు, ఇంటి ఆడపడుచు అన్నకోసం ఏడుస్తోంది, అంతే.