దుర్గయ్య పాలపిట్ట

తెల్లవారగానే గొర్రెల దొడ్డి తడక తీసే ముందు దుర్గయ్య చేతులు జోడించి కాసేపు నిలబడతాడు. తొలి పిట్ట కూత చెవిన పడితే గానీ నోరు విప్పడు.

"దేవునికన్న ముందు పిట్టకు దండమా?" అని భార్య బక్కమ్మ ఎత్తిపొడుస్తుంది.

"దేవున్ని లేపేది గా పిట్టనే కదనే" అంటాడు. పెళ్లయిన కొత్త నుంచీ వాళ్లింట్లో ఇదే ముచ్చట.

మోత్కూరు దగ్గరి ఆ ఊరికి దసరా నాడు పాలపిట్టను చూపించేది దుర్గయ్యే. ఆ పిట్టను చూసి జమ్మి అందుకుంటే ఏడాదంతా మేలు జరుగుతుందని నమ్మకం. తెలంగాణ వచ్చి పాలపిట్ట రాష్ట్ర పక్షి అయినప్పుడు బక్కమ్మ, "మా ఇంటాయన పిట్టకు సర్కారు కొలువొచ్చింది!" అని వాడకట్టంతా చెప్పుకుని మురిసింది.

కానీ కిందటి దసరాకు పొద్దుగూకేదాకా తిరిగినా పిట్ట జాడ లేదు. ఈసారి పొద్దున్నే అందరి ఫోన్లలోకి పాలపిట్ట బొమ్మలు వచ్చిపడ్డాయి. రైతు రామచంద్రం తన ఫోను చాపి నవ్వాడు.

"దుర్గన్నా, దర్శనం గిక్కడ్నే అయిపాయె. కాళ్లు గుంజంగ తిరుగుడెందుకే?"

"ఫోన్ల బువ్వ బొమ్మ జూసి చెయ్యి కడుక్కుంటవా తమ్మీ?" అన్నాడు దుర్గయ్య. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "గీ ఒక్కసారి నా ఎంబడి రాండ్రి. ఇయ్యాల కనబడకుంటె మళ్ల ఎన్నడు మిమ్ముల పిలువ."

బక్కమ్మ కూడా కొంగు బిగించి అందరితో పాటు ఆయన వెంట నడిచింది. ఈయన అన్న మాట దాటే మనిషి కాదు.

చెరువు గట్టు మీద నడుస్తుంటే నీళ్ల మీదుగా నీలంగా ఏదో దూసుకుపోయింది. "అగో పాలపిట్ట!" అంటూ అందరికంటే ముందు రామచంద్రమే చేతులెత్తి మొక్కాడు.

"అది లకుముకి పిట్టనే" అన్నాడు దుర్గయ్య. "దండం ఊకె పోదు తియ్యి. నీకు చాపలన్న మంచిగ పడ్తయి."

గుట్ట అడవిలో నెమళ్లు కనిపించాయి, గువ్వలు కనిపించాయి. అసలుది కనిపించలేదు. దుర్గయ్య కాస్త దూరం నడిచి ఆగి, కొమ్మల్లోకి చూస్తూ నిలబడేవాడు. అక్కడ పిట్టలేవీ లేవని బక్కమ్మకు తెలుసు. మోకాళ్ల నొప్పులతో వెనకబడ్డ తనకోసమే ఆ ఆగడం. నలుగురిలో "నొస్తున్నయా" అని అడిగి చిన్నబుచ్చని మనిషి. ఆమె మనసులోనే మల్లన్నకు మొక్కుకుంది, ఆయన మాట నిలబెట్టమని.

పొద్దు వాలింది. వెనక గొణుగుడు మొదలైంది. గుట్ట దిగి రామచంద్రం చేను దగ్గరికి వచ్చాక దుర్గయ్య చెయ్యెత్తాడు. తల విరిగిన మొండి తాడిచెట్టు కొసన ఏదో కూర్చుని ఉంది.

"గదేనా? మట్టిపెడ్డ లెక్క ఉన్నది" అన్నాడు రామచంద్రం. మళ్లీ తనే గొంతు తగ్గించి, "గీ మొద్దునే పండుగెల్లినంక జేసీబీ పెట్టి పెరికిద్దామనుకున్న" అన్నాడు.

"జర ఆగు."

పిట్ట లేచింది. మట్టిరంగు దేహం నుంచి రెండు రెక్కలు విచ్చుకున్నాయి. నీలం మీద నీలం, ఎండ తగిలి మెరిసింది. ఫోను తీయాలని ఎవరికీ తోచలేదు. అన్ని చేతులూ ఒక్కసారే జోడయ్యాయి. బక్కమ్మ మాత్రం పిట్టకంటే ముందు మొగుడి ముఖం చూసింది. కొంగుతో కళ్లొత్తుకుని, పక్కనున్న పొరుగింటి ఉప్పలమ్మను మోచేత్తో పొడిచింది.

"మా ఆయనే, సూడు!"

"ఎరుకనేనే తల్లీ, నువ్వు చెప్పంగ చెప్పంగ" అంది ఉప్పలమ్మ.

ఊరికి తిరిగొచ్చాక జమ్మి చెట్టు దగ్గర రామచంద్రం ముందుగా వచ్చి, "బంగారం తీస్కోయే అన్నా" అంటూ ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. దుర్గయ్య ఆయన్ని లేపి గుండెకు హత్తుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"తమ్మీ, నాకు ఎన్నడు ఏది అడిగే అలవాటు లేదు. గా మొండి తాడిచెట్టును పెరికియ్యకు. ఎండకాలంల దాని తొర్రలనే పిల్లలు జేస్తదది. జర ఉండనియ్యి."