ఎవరూ కలవని కుమ్మక్కు

రిటైరయ్యే ముందటి వేసవిలో నేను డిప్యూటీ డైరెక్టర్‌ని. వ్యాపారంలో పోటీని దెబ్బతీసేవాళ్ల మీద వచ్చే ఫిర్యాదులు విచారించడం మా కార్యాలయం పని. అప్పుడు ఫిల్మ్‌నగర్ నుంచి ఒక ఫిర్యాదు నా బల్ల మీదికి వచ్చింది. రాసింది పద్మావతి గారు, సినిమాలకు దుస్తులు కుట్టే ఆవిడ. తెల్లారేసరికి షూటింగుకు బట్టలు అందాలి కనుక స్టూడియోల దగ్గరే కాపురం. ఇంటి కిరాయి ఉన్నట్టుండి పెంచేశారు. చుట్టుపక్కల ఏ ఇల్లు అడిగినా అదే రేటు, బేరమన్న మాటే లేదు.

పోటీ పడాల్సినవాళ్లు కూడబలుక్కుని ఒకే ధర కట్టడాన్ని మేం కార్టెల్ అంటాం. వాళ్లు కలిసి మాట్లాడుకున్నారని రుజువు చేయడమే మా పాత పద్ధతి. ఆ ప్రకారమే యజమానుల వాంగ్మూలాలు తీసుకున్నాను. ఒకరు గుంటూరు నుంచి వచ్చిన నిర్మాత, మరొకరు తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నవారు. ఒకరి ముఖం ఒకరెరగరు. కానీ అందరూ ఒకే సాఫ్ట్‌వేర్‌కు చందాదారులు. ఎవరికి వారు తమ కిరాయిల గుట్టంతా దానికి అప్పజెప్పారు, ఎంత అడగాలో అది చెబుతోంది.

పద్మావతి గారి ఇంటి ఓనరు మణెమ్మ గారిని కూడా పిలిపించాను.

"నేను తగ్గిద్దామనే అనుకున్న సార్. ఆమె ఏనాడు కిరాయి ఆపలె. తగ్గిస్తే నడవదు, ఇల్లు ఖాళీగనన్న పెట్టుకో అని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనోళ్లు ఫోన్ చేసిన్రు" అన్నారామె.

తన ఇంటి కిరాయి తగ్గించుకునే హక్కు ఓనరుకే లేదని వినడం నా సర్వీసులో అదే మొదటిసారి. ఒళ్లు మండిపోయింది. కంపెనీ వకీలు మాత్రం తాము సలహా ఇస్తామంతే, బలవంతం లేదని నంగనాచి కబుర్లు చెప్పాడు. మరి ఆ ఫోన్లు ఎవరు చేయించారని అడిగితే వాయిదా కోరాడు.

అందరి గుట్టూ ఒకచోట పోగేసి ధర చెప్పడం, మాట విననివాళ్లను ఆపడం, ఇదే కుమ్మక్కు అని నివేదిక రాశాను. యజమానులు సమావేశమైన ఆధారం ఏదంటూ పైనుంచి తిప్పి పంపారు. మళ్లీ రాశాను. మళ్లీ అదే ప్రశ్న. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఈలోగా పద్మావతి గారు ఊరి చివరికి మారిపోయారు. వేళకు చేరలేక షూటింగులు తప్పాయి. మా కార్యాలయానికి ఫోన్ చేసి, "మీ విచారణ ముగిసేలోపు నా పనే పోయిందండీ" అన్నారు. ఆవిడ ఖాళీ చేసిన మణెమ్మ గారి ఇంటికి అప్పటికింకా తాళమే ఉంది.

ఇప్పుడు సలహా కోసం వచ్చే కొత్త అధికారులకు ఒకటే చెబుతాను. ధర ఎవరు పెంచారో తర్వాత చూడండి. తగ్గిస్తానన్న మనిషిని ఎవరు ఆపారో ముందు తేల్చండి.