బండారులంకలో నడుస్తున్న కేసు

మాది అనంతపురం. కాలేజీలో అంతర్జాతీయ న్యాయం పాఠాలు చెబుతాను. కిందటేడు కోనసీమ వెళ్లినప్పుడు చీర కొందామని బండారులంకలో ఓ నేతకారుల ఇంటికి వెళ్లాను. నా ఉద్యోగం ఏమిటో విని, మగ్గం ముందున్న సత్యవతిగారు నేత ఆపేశారు.

ఆమె తమ్ముడు సరుకు ఓడలో పనిచేసేవాడట. ఎవరిదో యుద్ధం. దారిన పోతున్న ఆ ఓడ మీద డ్రోన్ పడింది. శవం కూడా దొరకలేదు.

"ప్రపంచానికంతటికీ ఓ కోర్టుందని చెప్పేరండీ. అది వాళ్లని పట్టుకుంటాదాండీ?"

"వారంటు ఇవ్వగలదండీ. కానీ దానికి పోలీసులు లేరు, దేశాలే పట్టివ్వాలి. ఈమధ్య ఓ పెద్ద దేశం ఆ జడ్జీల మీదే ఆంక్షలు పెట్టింది. కొందరి బ్యాంకు కార్డులు కూడా పనిచేయడం లేదు."

"ఆయ్. మరి ఆ జడ్జీలే తప్పు చేస్తే ఎవరు అడుగుతారండీ?"

"వాళ్లను ఎన్నుకున్న దేశాలే."

"మావోణ్ణి చంపినోళ్లూ అందులో ఉంటారాండీ?"

"ఉండొచ్చండీ."

"ఆయ్."

మా వైపు ఎవరైనా ఈపాటికి నా మీద విరుచుకుపడేవారు. ఆమె అంత మర్యాదగా తలూపుతుంటే, తిట్టినా బాగుండేదనిపించింది.

"కేసు వేశామని అమ్మకి చెప్పేనండీ," అన్నారామె గొంతు తగ్గించి. "నడుస్తోందని మీరోమాట చెప్తారాండీ? మీరు చెబితే నమ్ముతాది."

లోపల మంచం మీదున్న పెద్దావిడకు అలాగే చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"జడ్జీగార్లు మంచోరేనా బాబూ?"

"మంచివాళ్లేనమ్మా," అన్నాను. ఆవిడతో నేను చెప్పిన నిజం అదొక్కటే.