మొదటి బంతి

ఆ మధ్య రాజాంలో ఒక మాట పుట్టింది. వర్తక సంఘం కల్యాణ మండపంలో ఊడ్చి కడిగే బుల్లమ్మ లోపల చోటిచ్చిన దిక్కులేని తొమ్మిదిమందిలో గడ్డం ముసలాయన ఆవిడ మొగుడేనట. ఇరవై ఏళ్ల కిందట ఇల్లు వదిలిపోయినవాడు బస్టాండులో దొరికాడట. అతనొక్కణ్నే తెచ్చుకుంటే బాగుండదని మిగతా ఎనిమిదిమందినీ అడ్డం పెట్టుకుందట. కూరగాయల బజారులో నాకే ముగ్గురు చెప్పారు. నేను ఆ మండపంలోనే పనిచేస్తానని తెలిసి, నిజమేనా అని కూడా అడిగారు. నాకు నలుగురిలో మాట పెగలదు. తెలీదని తల ఊపి వచ్చేశాను.

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి నేను అక్కడ ఆకులు వేసి, గ్లాసుల్లో నీళ్లు పోసే పనిలో ఉన్నాను. పని నేర్పింది బుల్లమ్మే. సన్నటి మనిషి, యాభై అయిదు దాటి ఉంటాయి. ఆరువందలమంది తిని లేచిన హాలును ఒక్కతే గంటన్నరలో అద్దంలా చేసేస్తుంది. పెద్దవాళ్లు ఎదురైతే గోడవారకి ఒదిగి నిలబడుతుంది. ఆవిడ గొంతు పైకి లేవడం నేను ఎప్పుడూ వినలేదు.

వేసవిలో మెయిన్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణాల ముందరి అరుగులన్నీ పోయాయి. ఇల్లూ వాకిలీ లేనివాళ్లు కొందరు ఏళ్ల తరబడి ఆ అరుగుల మీదే పడుకునేవారు. అరుగులున్నన్నాళ్లూ వాళ్లున్నారన్న సంగతి ఎవరికీ పట్టలేదు. అరుగులు పోయాక బ్యాంకు మెట్ల మీదికీ, ఆసుపత్రి గేటు ముందుకీ చేరారు. అప్పుడు ఊరికి కనబడ్డారు.

ఆ ఏడాది వైశాఖంలోనే మూఢం వచ్చింది. దాని వెనకే ఆషాఢం. మూడు నెలలు ముహూర్తాలు లేక మండపం బోసిగా ఉంది. ఒక సాయంత్రం వాన దంచి కొడుతుంటే బుల్లమ్మ తన దగ్గరున్న తాళంచెవితో భోజనాల హాలు తీసి, తడుస్తున్నవాళ్లను లోపలికి రమ్మంది. ఎవరినీ అడగలేదు. తెల్లారి కూడా పొమ్మనలేదు.

రెండు వారాలకి సంఘం పెద్దలకి తెలిసింది. ఆదివారం పైహాల్లో సమావేశం, తర్వాత కింద భోజనాలు అన్నారు. కాఫీలు అందిస్తూ నేను అంతా విన్నాను.

ఇనప సామాన్ల దుకాణం మురళీమోహన్ గారి కూతురి పెళ్లి శ్రావణంలో అక్కడే. బిచ్చగాళ్లు పడుకున్న చోట పీటలు వేశారని వియ్యాలవారికి తెలిస్తే ఏమవుతుందని అడిగారు. వాళ్లలో ఎవరైనా లోపల కన్నుమూస్తే ఇక ఆ మండపంలో పెళ్లి చేసేదెవరన్నారు. కోపంతో అన్న మాటలు కావవి. ఆయన గొంతులో భయం ఉంది. ఇది మున్సిపాలిటీ పని, మనం మీద వేసుకుంటే వాళ్లు ఎప్పటికీ చెయ్యరని ఇంకొకాయన అన్నారు. మందుల షాపు ఝాన్సీ గారు మాత్రం, మున్సిపాలిటీ చేసేదాకా వాన ఆగుతుందా అని అడిగారు. ఇన్నాళ్లూ మన అరుగుల మీదే పడుకున్నారు కదా, అప్పుడెవరూ మీటింగు పెట్టలేదే అన్నారు. ఎవరు మాట్లాడితే వాళ్లదే న్యాయమనిపించింది నాకు. కానీ సాయంత్రంలోగా ఖాళీ చేయించాలనేవాళ్లే ఎక్కువమంది. భోజనాలయ్యాక చేతులెత్తి తేలుద్దామన్నారు అధ్యక్షులు సీతారామారావు గారు.

ఖాళీ గ్లాసులతో నేను కిందికి దిగేసరికి తొమ్మిదిమందీ మొదటి బల్ల దగ్గర వరసగా కూర్చుని ఉన్నారు. తలలు దువ్వుకుని, ఉతికిన బట్టల్లో ఉన్నారు.

"పిల్లా, ఆకులెయ్యి" అంది బుల్లమ్మ.

వంట చేసే యమునక్క గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "నీ పని ఊడిపోతాది, బుల్లమ్మా."

"ఊడితే ఊడనీ. నువ్వు పప్పెట్టు."

కంగారులో రెండు ఆకులు చిరిగాయి. అయినా వేశాను.

పెద్దలు మెట్లు దిగి వచ్చేసరికి వాళ్లు అన్నం కలుపుకుని తింటున్నారు. పిలవనివాడైనా సరే, బంతిలో కూర్చుని ముద్ద కలిపాక లేపకూడదు. లేపితే ఆ ఇంటికి అన్నం దక్కదంటారు. వర్తకుల ఇళ్లలో ఈ పట్టింపు మరీ ఎక్కువ. నలభైమందీ గుమ్మంలో ఆగిపోయారు.

"ఏటి బుల్లమ్మా ఇది?" అన్నారు సీతారామారావు గారు.

బుల్లమ్మ గోడవారకి జరగలేదు. హాలు నడుమ నిలబడింది. "మొదటి బంతి, బాబూ. లేపీమంటే లేపేస్తాను. మీరే సెప్పండి."

సీతారామారావు గారు ఆకుల్లోని అన్నం వైపు చూసి, ఒకడుగు వెనక్కి వేశారు. అంతమంది పెద్దమనుషులను, రోజూ వాళ్ల ఎంగిలాకులెత్తే మనిషి అన్నం వడ్డించి ఆపేసింది.

ఒక్కొక్కరే లోపలికి నడిచి, పెళ్లిళ్లలో రెండో బంతికి చోటు కాచుకున్నట్టే, కొందరు తింటున్నవాళ్ల కుర్చీల వెనక, మిగతావాళ్లు వాళ్ల వెనక నిలబడ్డారు. గడ్డం ముసలాయన వెనక మురళీమోహన్ గారు నిలబడ్డారు.

"మజ్జిగ" అన్నాడు ముసలాయన, వెనక్కి తిరగకుండానే.

నేను ఆ చివరన ఉన్నాను. మురళీమోహన్ గారు అటూ ఇటూ చూసి, తనే జగ్గు తీసి వంచారు. ముసలాయన గబగబా జుర్రుకోబోయాడు.

"నెమ్మదిగా తినవయ్యా" అన్నారాయన. "ఎవరూ తరమట్నేదు."

అన్నాక ఆ మాట తనకే వినబడినట్టు తల దించుకున్నారు.

రెండో బంతి లేచాక చేతులెత్తారు. శ్రావణం ముహూర్తాలదాకా వాళ్లు ఉండొచ్చు. ఈలోగా పాత బియ్యం గోదాము వెనక గదులు బాగుచేయించాలి. వద్దన్నవాళ్లు ఎనిమిదిమందే. మురళీమోహన్ గారి చెయ్యి ఎటువైపూ లేవలేదు. ఇంకెప్పుడైనా ముందు అడగమని సీతారామారావు గారు బుల్లమ్మతో అన్నారు. పని మానమని మాత్రం అనలేదు.

కార్యదర్శి విజయ్‌కుమార్ గారు పుస్తకం తెరిచారు. లోపల ఎవరెవరున్నారో రాసి పెట్టాలన్నారు. "వరసగా పేర్లు చెప్పు, బుల్లమ్మా."

బల్ల తుడుస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది. రెండు వారాలు వాళ్లకి వండిపెట్టింది, జ్వరమొస్తే మాత్రలు తెచ్చింది. ఆ తొమ్మిదిమందిలో ఒక్కరి పేరు కూడా ఆవిడకి తెలియదు.